ఆ పాప పక్కన ఎవరున్నారు?

[స్క్రీన్ మీద: ఆటగది. నేల మీద బొమ్మలు.]

ఒక గది. కొన్ని బొమ్మలు. రెండేళ్ల తొమ్మిది నెలల పిల్లలిద్దరు, ఒకరికొకరు కొత్త. బాబు బొమ్మలన్నీ తన వైపు లాగేసుకున్నాడు. పాప నిలబడి చూస్తోంది. "ఆడపిల్ల కదా, నెమ్మది" అనేస్తాం.

ఇప్పుడు బాబు బదులు ఇంకో పాపను కూర్చోబెట్టండి. అలా నిలబడిపోవడం చాలా అరుదు. ఇద్దరు మగపిల్లల జంటలో కంటే కూడా తక్కువ!

1978లో కెరొల్ జాక్లిన్, ఎలినార్ మెకోబీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కలిసి ప్రచురించిన స్టడీ ఇది. ఈ రోజు మన కథ మెకోబీ గారిది.

[పాత ఫొటో: స్టాన్‌ఫర్డ్ క్యాంపస్]

1917లో అమెరికాలోని టకోమాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖలో సర్వేలు చేశారు. 1950లో మిషిగన్ యూనివర్సిటీ పీహెచ్‌డీ. ఆ తర్వాత హార్వర్డ్‌లో, 379 మంది తల్లుల్ని పిల్లల పెంపకం గురించి అడిగిన పెద్ద స్టడీలో పనిచేశారు. 1958లో స్టాన్‌ఫర్డ్ చేరి, 1973లో సైకాలజీ శాఖకు తొలి మహిళా హెడ్ అయ్యారు.

మరుసటి ఏడాదే జాక్లిన్‌తో కలిసి రాసిన లావుపాటి పుస్తకం వచ్చింది. ఆడ, మగ తేడాల మీద అప్పటిదాకా వచ్చిన వెయ్యికి పైగా పరిశోధనల్ని ముందేసుకుని జల్లెడ పట్టారు. గట్టిగా నిలిచినవి నాలుగే: మాటల నేర్పు, ఆకారాల్ని మనసులో ఊహించడం, లెక్కలు, దూకుడు. ఆడపిల్లలు చెప్పినదల్లా నమ్ముతారు, వాళ్లకి తమ మీద తమకు గౌరవం తక్కువ లాంటివి జల్లెడలోంచి జారిపోయాయి.

విమర్శలూ గట్టిగానే వచ్చాయి. స్టడీల్లో ఎక్కువ శాతం చిన్నపిల్లల మీదే, వయసు పెరిగాక తేడాలు తేలొచ్చు కదా అని జీన్ బ్లాక్ అనే ఇంకో సైకాలజిస్ట్ నిలదీశారు. నాకైతే అది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది.

కానీ మెకోబీని తొలిచిన చిక్కు వేరు. విడివిడిగా చూస్తే ఇంత దగ్గరగా ఉన్న పిల్లలు, ఆటస్థలంలో రెండు గుంపులెందుకవుతున్నారు? మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం చూసినా ఇదే సీను. ఆమె లెక్కల్లో, నాలుగున్నరేళ్ల పిల్లలు ఆడ, మగ కలిసి ఆడే సమయం కంటే, ఆడపిల్లలు ఆడపిల్లలతో, మగపిల్లలు మగపిల్లలతో ఆడే సమయం మూడింతలు. ఆరున్నరకి అది పదకొండింతలు!

[స్క్రీన్ మీద: 3 రెట్లు, 11 రెట్లు]

జవాబు ఒక్కో బిడ్డ లోపల కాకుండా ఇద్దరి మధ్య వెతకాలన్నారు. ఆ ఆటగదిలోనే ఇంకో సంగతి కనిపించింది. "వద్దు" అని మగపిల్లవాడు అంటే అవతలి బాబు ఎంతో కొంత ఆగుతాడు. పాప అంటే అంతగా పట్టించుకోడు. మాట చెల్లని చోట ఎవరాడతారు చెప్పండి?

1990లో రాసిన వ్యాసంలో ఆమె ఇంకో స్టడీ ప్రస్తావించారు. గదిలో నలుగురు పిల్లలు, ఓ చివర కుర్చీలో ఒక పెద్దావిడ. నలుగురూ ఆడపిల్లలైతే, మగపిల్లల గుంపు కంటే ఆవిడకు దూరంగానే ఆడుకున్నారు. ఇద్దరు మగపిల్లలు చేరగానే ఆడపిల్లలు వచ్చి ఆ కుర్చీ దగ్గర మూగారు. టీచర్ చుట్టూ తిరిగే ఆడపిల్లల్ని చూసి "వీళ్లకి పెద్దవాళ్ల తోడు లేనిదే గడవదు" అని అప్పటిదాకా పరిశోధకులు రాసుకుంటూ వచ్చారు మరి.

[స్క్రీన్ మీద: ఖాళీ కుర్చీ]