మూడేళ్లలో కలిసి ఉన్నది ఎన్నాళ్లు?

అమ్మలకు, అన్నలకు, ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల సభ్యులకు నమస్కారం.

పాలమూరులో పెళ్లయిన ఏడాది తిరగకముందే ఒక ప్రశ్న మొదలవుతుంది: "విశేషం ఏమైనా ఉందా?" అడిగేవారికి అది పలకరింపు. కోడలికి మాత్రం నలుగురిలో చెప్పుకోవలసిన పరీక్షా ఫలితం.

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు ఒక జంట వచ్చింది. పెళ్లయి మూడేళ్లు. వెంట వచ్చిన అత్తగారు ఏ గుడిలో ఏ ముడుపు కట్టారో వరసగా చెప్పారు. అబ్బాయిది ముంబైలో కట్టడం పని. "ఈ మూడేళ్లలో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నది ఎన్నాళ్లు?" అని అడిగాను. వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు. దసరాకు తొమ్మిది రోజులు, ఉగాదికి వారం, చెల్లెలి పెళ్లికి పది... అన్నీ కలిపినా మూడు నెలలు దాటలేదు. అత్తగారు కొడుకు చేతినే చూస్తూ ఉండిపోయారు.

గర్భనిరోధకాలు లేకుండా, క్రమం తప్పకుండా 12 నెలలు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే వైద్యులు సంతానలేమి అంటారు. ఆ లెక్క శుభలేఖ మీది తేదీ నుంచి కాదు. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే చూపించుకోవాలి.

నిజంగా సమస్య ఉన్నవారూ తక్కువేమీ కాదు. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. దాదాపు సగం జంటల్లో కారణం మగవారి వైపూ ఉంటుంది. అయినా ఆమెకు స్కానింగులు, గర్భనాళాల (ట్యూబుల) పరీక్ష అన్నీ అయ్యాకే అతని వీర్య పరీక్ష గుర్తుకొస్తుంది. గొడ్రాలు అనే పాడు మాటకు మన వాడుకలో మగ జత లేదు. అందుకేనేమో, రిపోర్టును చొక్కా జేబులో మడిచి పెట్టుకుని భార్యకైనా చెప్పకుండా తిరిగేవాళ్లున్నారు.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడం కాదు. "దేవుడున్నాడు" అనేవారికి వాళ్ల చుట్టూ కొదవ లేదు. శ్రీమంతానికి పిలుపు వస్తే వెళ్లాలా, మానాలా? ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని తయారుచేసి గర్భంలో ఉంచే చికిత్స) ఎన్నిసార్ల వరకు, ఎంత అప్పు వరకు? ఇవి మొదటి ఇంజెక్షన్‌కు ముందే ఇద్దరూ తేల్చుకోవాలి. ఇలాంటి సంతాన చికిత్సల కోసం వచ్చిన 2021 నాటి చట్టం ప్రకారం చికిత్సా కేంద్రాలు దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఫలించే అవకాశం ఎంతో చెప్పాలి. అడిగి తీసుకోండి.

పిండాన్ని గర్భంలో ఉంచాక ఫలితానికి సుమారు రెండు వారాలు. ఆ రోజుల్లో "ఏమైంది" అని ఫోను చేయకండి. "బతకాలని లేదు" అన్న మాట వినిపిస్తే మాత్రం ఆమెను ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు 14416కు చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ అత్తగారు వెళుతూ గుమ్మంలో ఆగారు. "మరి అడిగేవాళ్లకు ఏం చెప్పమంటావు బిడ్డా?"

"పిల్లవాడు ముంబైలో ఉన్నాడని చెప్పండమ్మా" అన్నాను.