ఇంట్లో కోత పెడితే ముందు ఏది ఆగాలి?

అందరికీ నమస్కారం. కరెంటు పోయి జనరేటర్ రాగానే మన అపార్ట్‌మెంట్‌లో ఏదో ఒక ఫ్లాట్‌లో లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. జనరేటర్ పాడైందని వాచ్‌మన్‌కి ఫోన్లు వెళ్తాయి. అది బాగానే ఉంటుంది. లైట్లు ఆర్పుతున్నది మీ ఫ్లాట్ లైనులో బిగించిన చిన్న డబ్బా. ఎలక్ట్రీషియన్లు దాన్ని ఏసీసీఎల్ అంటారు. లైను పోతే ఇంటిని జనరేటర్ మీదికి మారుస్తుంది. మనకిచ్చిన వాటా కంటే ఎక్కువ లాగితే కొన్ని సెకన్లు ఆపి, మళ్లీ ఇచ్చి చూస్తుంది. లోడ్ తగ్గలేదా, మళ్లీ ఆపేస్తుంది.

మన వాటా ఫ్లాటుకి 1 కిలోవాట్. అంటే 230 వోల్టుల దగ్గర 4 ఆంపియర్ల పైచిలుకు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ దాంట్లో హాయిగా నడుస్తాయి. గీజర్ ఒక్కటే 2 కిలోవాట్లు.

పోయిన కార్తీక మాసంలో మా అమ్మ తెల్లవారుజామున స్నానం చేస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ వచ్చింది. గీజర్ స్విచ్ వేసే ఉంది. బాత్రూంలో లైటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. గోడ పట్టుకోబోయి అమ్మ జారిపడింది. మణికట్టు విరిగింది. ఆ డబ్బా తన పని తాను చేసింది. దాని వెనక ఏ వైర్లు ఉన్నాయో నేను ఏనాడూ అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గీజర్, ఏసీల వైర్లను డబ్బాకు ముందే, మీటర్ నుంచి వచ్చే లైనుకు కలిపించాను. ఇప్పుడు జనరేటర్ నడిచేటప్పుడు వాటికి కరెంటే వెళ్లదు. లైట్లు ఆరిపోవడం ఆగింది.

మామూలు కరెంటు ఉన్నప్పుడు కూడా ఇలా లోడ్ తగ్గించే రిలేలు, అంటే తమంతట తామే ఆపి కలిపే స్విచ్‌లు, ఉన్నాయి. ఇటలీలో చాలా ఇళ్లకు 3 కిలోవాట్ల కనెక్షనే. ఓవెన్, వాషింగ్ మెషీన్ కలిపి వేస్తే మీటర్ ట్రిప్ అవుతుంది. అందుకే అక్కడ లోడ్ పెరగగానే ఏదో ఒకదాన్ని ఆపి, తగ్గాక మళ్లీ కలిపే రిలే పెట్టుకుంటారు. మన బిల్లు మీద కూడా కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మన కనెక్షన్ ఎన్ని కిలోవాట్లకు తీసుకున్నామో, రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి. రిలే పెడితే మొదట ఆపాల్సింది గీజరే. ట్యాంకులో నీళ్లు వేడిగానే ఉంటాయి కాబట్టి, కాసేపు ఆగినా ఎవరికీ తెలియదు. ఏసీని ఆపితే మాత్రం కంప్రెసర్‌కి కనీసం 3 నిమిషాలు విరామం ఇవ్వాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, ఇన్సులిన్ పెట్టిన ఫ్రిజ్ ఆ రిలే దరిదాపుల్లో ఉండకూడదు.

లోడ్ షెడ్డింగ్ అనగానే మనకు కరెంటు కోతలే గుర్తొస్తాయి. ఊరికి కోత పెట్టేటప్పుడు మనల్ని ఎవరూ అడగరు. ఇంట్లో పెట్టుకునే కోత మాత్రం మనం చెప్పినట్టే జరుగుతుంది. అయితే చెప్పాల్సింది ఇంటాయన ఒక్కడే కాదు. వంట చేసేవాళ్లని, పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఏది ఆగినా ఫరవాలేదో, ఏది ఆగకూడదో ఒక కాగితం మీద రాసి ఆదివారంలోగా వాచ్‌మన్‌కి ఇవ్వండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని తీసుకుని నేనే ప్రతి ఫ్లాటుకీ వస్తాను. ఆగకూడని వాటిలో మొదట బాత్రూం లైటు రాయండి.