"స్కాన్ నార్మల్" అంటే ఎండోమెట్రియోసిస్ లేనట్టేనా?

[తెర మీద: స్కాన్ రిపోర్టు. చివరి వరుస దగ్గరగా: "గర్భాశయం, అండాశయాలు నార్మల్."]

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఈ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన అమ్మాయికి వినిపించే మాట ఒకటే: "ఏం లేదన్నారుగా, ఇంకేంటి?" వచ్చే నెల మళ్లీ అదే నొప్పి, అదే మెలికలు తిరగడం. అసలు ఆ స్కాన్‌లో ఏం చూశారు, ఏం చూడలేదు? ఇవాళ అదే మాట్లాడుకుందాం.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం సంచి బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, గర్భసంచికీ పేగుకీ మధ్య ఉన్న సందులో, మూత్రనాళాల పక్కన పెరుగుతుంది. నెలసరి హార్మోన్లకి అదీ ఉబ్బుతుంది, వాస్తుంది, మచ్చకట్టి పక్కపక్క అవయవాల్ని అతికించేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది. మనవాళ్లు "నీటిబుడగలు" అనే పీసీఓడీ వేరు, ఇది వేరు.

[బొమ్మ: పక్కనుంచి చూస్తే గర్భసంచి, వెనక పేగు]

నీళ్లు తాగించి, మూత్రం ఆపించి, పొట్ట మీద చేసే స్కాన్‌లో పెద్ద చాక్లెట్ సిస్ట్, అంటే అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి, ఉంటే దొరుకుతుంది. మసక అద్దంలోంచి చూసినట్టు ఆ తిత్తి లోపలంతా ఒకే బూడిదరంగు. వెనక సందులోని గట్టి ముద్దలు మాత్రం ఆ దూరం నుంచి సాధారణంగా చిక్కవు. వాటికి యోనిమార్గం ద్వారా చేసే స్కాన్ కావాలి, అదీ తెలిసి వెతికే చేత్తో.

వెతకడం ఎలాగో 2016లో ఐడియా అనే అంతర్జాతీయ నిపుణుల బృందం వరుస చెప్పింది. ముందు గర్భసంచి, అండాశయాలు. తర్వాత ప్రోబు (స్కాన్ చేసే కడ్డీ) ఎక్కడ తగిలితే నొప్పి పుడుతోంది, అండాశయం కదులుతోందా. ఆ తర్వాత స్లైడింగ్ సైన్. చివరికి మూత్రాశయం, పేగు, వెనక లిగమెంట్లలో ముద్దలు.

[తెర మీద: పెనం మీద అట్టు]

స్లైడింగ్ సైన్ అంటే ఇదీ. డాక్టర్ ప్రోబుతో గర్భాశయ ముఖద్వారాన్ని మెల్లగా నెడతారు. నూనె పడ్డ పెనం మీద అట్టు జారినట్టు, గర్భసంచి వెనక పేగు జారాలి. అట్టు అంటుకుపోయి పెనమూ అదీ కలిసే కదిలాయా, వెనక సందు మూసుకుపోయిందని గట్టి అనుమానం. చూడటానికి ఎక్కువసేపు పట్టదు. కానీ చీటీ మీద "పెల్విస్ స్కాన్" అని మాత్రమే రాసి ఉంటే చాలాచోట్ల దాని జోలికే పోరు. అందుకే "ఎండోమెట్రియోసిస్ అనుమానం, స్లైడింగ్ సైన్ చూడగలరు" అని రాయమని మీ డాక్టర్‌ని అడగండి.

పెళ్లికాని పిల్లలకి యోనిమార్గం ద్వారా చేసే ఈ స్కాన్ సాధారణంగా చెయ్యరు. అలాగని పొట్ట స్కాన్‌తో సరిపెట్టుకోనక్కర్లేదు. ఎంఆర్ఐ ఉంది. దాని చీటీలోనూ ఎండోమెట్రియోసిస్ అని రాసి ఉండాలి. అప్పుడే పేగు కదలిక తగ్గించే ఇంజెక్షన్ లాంటి ఏర్పాట్లతో తీస్తారు.

ఇంత చేసినా, పొట్ట లోపలి గోడ పొర మీద పలచగా ఉండే మచ్చలు ఏ స్కాన్‌లోనూ కనపడకపోవచ్చు. 2022లో యూరప్ నిపుణుల సంఘం ఈఎస్‌హెచ్ఆర్ఈ ఇచ్చిన మార్గదర్శకాల్లో అసలు మార్పు ఇక్కడే. స్కాన్ నార్మలైనా జబ్బు లేదనకూడదు. లక్షణాలు బలంగా ఉంటే మందులు మొదలుపెట్టొచ్చు. పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే లాపరోస్కోపీ ఇక మొదటి పరీక్ష కాదు. స్కాన్‌లో ఏమీ దొరకనప్పుడు, లేదా మందులు పనిచెయ్యనప్పుడు అది. రక్తంలో సీఏ 125 అనే ప్రోటీన్ చూసి నిర్ధారించడం కూడా వద్దంది. ఆ పరీక్షకి పెట్టే డబ్బు మిగుల్చుకోండి.

లక్షణాల మీదే ఇంత ఆధారపడ్డప్పుడు, వాటిని రాసిపెట్టుకోవాలి. మూడు నెలలు, తేదీవారీగా: నొప్పి పదికి ఎంత, ఎన్ని ప్యాడ్లు, ఎన్ని మాత్రలు, విరేచనానికి వెళ్తే నొప్పా, కలిసినప్పుడు నొప్పా, కాలేజీ ఎన్ని రోజులు మానేసింది.

మందుల్లో ఎక్కువగా రాసేది డైనోజెస్ట్, రోజుకి 2 మిల్లీగ్రాములు, రోజూ ఒకే వేళకి. మొదటి నెలల్లో ఎరుపు చుక్కలు కనబడుతూ ఉంటాయి. "మందు పడలేదు" అని చాలామంది మానేసేది సరిగ్గా అక్కడే. దాన్ని గర్భనిరోధక మాత్ర అనుకోకండి. ఇప్పుడే పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి ఈ దారి కాదు, వైద్యం వేరుగా ఉంటుంది. కొత్తవాటిలో రెలుగోలిక్స్ ఉంది. 40 మిల్లీగ్రాముల రెలుగోలిక్స్‌కి కొద్దిగా ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన ఒకే మాత్ర. రెలుగోలిక్స్ ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని తగ్గిస్తుంది కాబట్టి, ఎముకలు మరీ పలచబడకుండా ఆ కలపడం. దాని మీద జరిగిన స్పిరిట్ ట్రయల్స్ 2022లో వచ్చాయి.

ఆపరేషన్ చేసినా మళ్లీ రావచ్చు. చాక్లెట్ సిస్ట్ తీసేటప్పుడు మంచి అండాలూ కొన్ని పోతాయి కాబట్టి ముందు ఏఎంహెచ్ పరీక్ష (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోవాలి. ఇక గర్భసంచి తీసేయడం... జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆ ఆపరేషన్లకి మన రాష్ట్రం ముందు వరసలో ఉంటుంది. జబ్బు సంచి బయట ఉన్నప్పుడు సంచి ఒక్కటే తీస్తే బయటిది బయటే ఉంటుంది.

ఈ జబ్బుని లాలాజలంతో పట్టే ఫ్రాన్స్ పరీక్ష, జపాన్‌లోని నగోయాలో 2023లో తేలిన, ఈ జబ్బుకీ ఒక బ్యాక్టీరియాకీ ఉన్న సంబంధం ఆసక్తికరమే. బ్యాక్టీరియా మాట విని యాంటీబయాటిక్స్ కొనేసుకోకండి. అక్కడ మందు పెట్టి చూసింది ఎలుకల మీద.

[తెర మీద: స్కాన్ చీటీ. పెన్ను ఇంకో వరుస రాస్తుంది: "రెండు కిడ్నీలూ చూడగలరు."]

మూత్రనాళాన్ని జబ్బు నొక్కితే, నొప్పే లేకుండా కిడ్నీ వాచి దెబ్బతినొచ్చు. లోతైన ముద్దలు కనపడినవాళ్లకి ఈ వరుస తప్పనిసరి. అదే బల్ల మీద, పొట్ట మీద పెట్టే ప్రోబుతో కాస్త చూస్తే చాలు.