నెట్ తెగినా ఫైలు చేరాలి

అందరికీ నమస్కారం.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టిన ఊరు ఈ పర్లాకిమిడి. ఇక్కడ కంప్యూటర్ సంగతులు తెలుగులో చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. కమాండ్లు కూడా నోటితో పలికినట్టే చెబుతాను, రాసుకోండి.

ముందు ఒక లెక్క చూద్దాం. పెళ్లి ఫోటోలు 4 జీబీ ఉన్నాయి, మీ అప్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ అనుకోండి. వేగం బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది, బైటుకు 8 బిట్లు. అంటే సెకనుకు వెళ్లేది పావు ఎంబీ. 4 జీబీకి 16,000 సెకన్లు, దాదాపు నాలుగున్నర గంటలు. అంతసేపట్లో కరెంటు ఒకసారైనా పోవచ్చు. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోను పాతపట్నం వైపు ప్రయాణంలో ఉంటే ఒడిశా టవరు వదిలి ఆంధ్రా టవరు పట్టుకోవచ్చు. ఫోనుకు ఐపీ అడ్రసు మారిందంటే పాత కనెక్షన్ అక్కడితో సరి. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: లైను తెగుతుందని ముందే ఒప్పుకుని పని పెట్టుకోండి.

దూరపు సర్వర్‌లోకి వెళ్లడానికి ఒకప్పుడు టెల్‌నెట్, ఫైళ్లకు ఎఫ్‌టీపీ వాడేవారు. రెండింటిలోనూ పాస్‌వర్డ్ దాపరికం లేకుండా తీగ మీద వెళ్లేది. ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద అలా పాస్‌వర్డ్లు కాజేశాక, 1995లో టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. సర్వర్‌తో జరిగే మాటలన్నీ మధ్యలో ఎవరూ చదవలేకుండా గుప్తంగా పంపే ప్రోగ్రాం ఇది. పోర్టు అంటే సర్వర్‌లో ఒక్కో పనికి ఉండే తలుపు నంబరు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23, మధ్యలో ఖాళీగా ఉన్న 22 దీనికి దక్కింది. ఇవాళ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ విండోస్ 10, 11లోనూ ఇది సిద్ధంగా ఉంటుంది. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి చూడండి.

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ వేలిముద్ర, అంటే దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరస, చూపించి, నమ్ముతావా అని అడుగుతుంది. దాదాపు అందరూ చదవకుండా ఎస్ కొట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. సర్వర్ చూసుకునే వ్యక్తికి ఫోన్ చేసి, ఆ అక్షరాలు చదివి సరిచూసుకోండి, రెండు నిమిషాల పని. తర్వాత ఎప్పుడైనా వేలిముద్ర మారిందని పెద్ద హెచ్చరిక వస్తే, ఎక్కువసార్లు కారణం సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే. అయినా అడిగి నిర్ధారించుకున్నాకే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్, హైఫన్ పెద్ద ఆర్, సర్వర్ పేరు కొట్టి పాతది తీసేయాలి.

పాస్‌వర్డ్ బదులు కీ వాడండి. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్, హైఫన్ చిన్న టి, ఈడీ25519 అని కొడితే రెండు ఫైళ్లు పుడతాయి. పేరు చివర డాట్ పబ్ ఉన్నది సర్వర్‌కు ఇవ్వాలి. రెండోది మీ మెషిన్ దాటకూడదు, వాట్సాప్‌లో అసలు పంపకూడదు. కీ పెట్టినా పర్మిషన్ డినైడ్ అంటోందా? ముందు సర్వర్‌లో అనుమతులు చూడండి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, అందులోని ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600 ఉండాలి, అంటే మీకు తప్ప వేరేవాళ్లకు తెరుచుకోకూడదు. హోమ్ ఫోల్డర్‌లో వేరేవాళ్లు రాయగలిగేలా ఉన్నా సర్వర్ కీని పక్కన పెట్టేస్తుంది. ఆ ఫైలును ఇంకెవరో మార్చి ఉండొచ్చని దాని అనుమానం, అది న్యాయమైన అనుమానమే.

కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే మీ మాట అవతలికి చేరింది, ఆ పోర్టులో తలుపు తీసేవాళ్లు లేరు. టైమ్‌డ్ అవుట్ అంటే జవాబే రాలేదు: అడ్రసు తప్పయినా కావాలి, ఫైర్‌వాల్ మింగేసినా ఉండాలి, మీ నెట్ పోయినా ఉండాలి.

ఇక ఫైళ్లు. చిన్నవాటికి ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైలు కాపీ చేసే ఎస్‌సీపీ చాలు. దానికి పోర్టు చెప్పేది పెద్ద పి, ఎస్‌ఎస్‌హెచ్‌కు చిన్న పి. ఇక్కడ తడబడనివాళ్లు తక్కువ. ఎస్‌సీపీ మధ్యలో తెగితే మళ్లీ మొదటినుంచే. అందుకని పెద్ద ఫైళ్లకు ఆర్‌సింక్ పట్టుకోండి. రెండు వైపులా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. హైఫన్ చిన్న ఎ, చిన్న వి, పెద్ద పి ఇవ్వండి. ఆ పెద్ద పి లేకపోతే, తెగినప్పుడు సగం వచ్చిన ఫైలును ఆర్‌సింక్ చెరిపేస్తుంది. అది ఉంటే సగం ఫైలు నిలిచి ఉంటుంది, మళ్లీ నడిపినప్పుడు ఉన్న భాగాన్ని పోల్చుకుని మిగతాదే పంపుతుంది. చిన్న జెడ్ పెడితే కుదించి పంపుతుంది కానీ జేపెగ్ ఫోటోలకూ వీడియోలకూ దండగ, అవి ముందే కుదించినవి.

పంపే ఫోల్డర్ పేరు చివర స్లాష్ చూసుకోండి. స్లాష్ ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. మీ దగ్గర లేనివాటిని అవతల చెరిపేసే డిలీట్ ఆప్షన్‌తో కలిసి ఈ స్లాష్ తప్పితే సర్వర్‌లో ఉండాల్సినవి పోతాయి. డిలీట్ వాడే ప్రతిసారీ ముందు చిన్న ఎన్ పెట్టి నడపండి. ఏది పోతుందో చూపిస్తుంది, ఏదీ ముట్టదు.

రాత్రి వదిలేసి పడుకోవాలంటే అన్‌టిల్ అనే షెల్ లూప్‌లో పెట్టండి: ఆర్‌సింక్ సక్రమంగా ముగిసేదాకా, తప్పినప్పుడల్లా 60 సెకన్లు ఆగి మళ్లీ మొదలు. టైమ్‌అవుట్ 60 కూడా ఇవ్వాలి, లేదంటే చచ్చిన లైను మీద అలాగే కూర్చుంటుంది. పాస్‌వర్డ్ అడిగితే లూప్ అక్కడే ఆగుతుంది కాబట్టి కీ తప్పనిసరి. కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టి ఉంటే ముందు దాన్ని గుర్తుపెట్టుకునే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లోకి ఎక్కించండి. సర్వర్‌లో జాగా ఉందో లేదో డీఎఫ్ కొట్టి చూశాకే మొదలుపెట్టండి, డిస్కు నిండితే లూప్ తెల్లవార్లూ వృథాగా తిరుగుతుంది.

సర్వర్ మీదే నడిచే పనిని మాత్రం అక్కడ టీమక్స్ అనే ప్రోగ్రాం తెరిచి, అందులో నడపండి. లైను తెగినా లోపల పని ఆగదు, తిరిగి లాగిన్ అయి టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే కనిపిస్తుంది.

తెలుగు పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. యూటీఎఫ్-8లో మన ప్రతి యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు. పర్లాకిమిడి అనే పేరులో హల్లులు, గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కపెడితే 11 గుర్తులు, అంటే 33 బైట్లు. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 డిస్కులో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు. ఈ ఊరి పేరును ఏడుసార్లు వరసగా రాయొచ్చు, ఎనిమిదోసారి పట్టదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, తేదీ, మండపం అన్నీ ఫైలు పేరులోనే ఇరికించకుండా ఫోల్డర్లుగా విడదీయండి.

మెమరీ కార్డు ఫార్మాట్ చేసేముందు ఫైలు లోపలున్నదాన్ని బట్టి 64 అక్షరాల గుర్తు ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ256సమ్‌ను రెండు వైపులా నడిపి, ఆ అక్షరాలన్నీ కలిశాయో లేదో చూడాలి. ఎన్నో ఫైళ్లుంటే జాబితాగా ఒక ఫైలులో దాచి, సర్వర్‌లో చిన్న సి పెట్టి నడిపితే తేడా ఉన్నవాటిని అదే చెబుతుంది.

కమాండ్లన్నీ బోర్డు మీద ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లు తెరవండి, ముందు కీ చేసుకుందాం.