ఐదో ముక్క

వేదిక మీది పెద్దలకు, కింద కుర్చీల్లో ఉన్న పెద్దలకు, చోటు చాలక గోడకానుకొని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, ఇందాకటి నుంచి నలుగురు వక్తలు నాలుగుసార్లు చెప్పేశారు. నేనూ మొదలుపెడితే చాయ్ చల్లారిపోతుంది.

నాకిచ్చిన అంశం ‘గ్రంథాలయోద్యమం – నేటి యువత’. ప్రతి ఏడూ నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి, ప్రతి ఏడూ ఈ అంశం ఉంటుంది. నేనూ రాసుకొచ్చాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం, అన్నీ వరసగా ఉన్నాయి. నాకన్నా ముందు మాట్లాడిన లెక్చరర్ సారు ఇవన్నీ నాకంటే బాగా చెప్పారు. అందుకే ఈ కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటున్నా. పొరపాటున నన్ను పిలిచారు కాబట్టి నాకు తెలిసిన ముచ్చటే చెబుతా.

నేను రిటైరైన బస్సు కండక్టర్ని. రచయితను కాదు, పరిశోధకుణ్ణి కాదు. ఇక్కడే పాలమూరులో పదకొండు మందిమి నెలకో పుస్తకం చదువుతాం. మా గుంపుకు పేరు లేదు. బ్యానర్ మీద ఏదో పెద్ద పేరు రాశారు, అది నిర్వాహకుల అభిమానం. మేం మాత్రం ‘రెండో ఆదివారం’ అంటాం. ‘రెండో ఆదివారానికి వస్తున్నవా?’ అంతే.

కూర్చునేది మా టైలరన్న దుకాణంలో. ఆదివారం కుట్టుపని ఉండదు కాబట్టి మిషన్లు గోడకు జరిపి చాప వేస్తాడు. షట్టరు సగమే ఎత్తుతాడు. పూర్తిగా ఎత్తితే ‘మా జాకెట్లు అయినయా’ అని అడిగేవాళ్లు లోపలికొస్తారు. బట్టల మూటలే మాకు దిండ్లు. ఎండాకాలం ఒకటే ఫ్యాను, అది ఎవరి వైపు తిరగాలన్న దాని మీద జరిగినంత చర్చ కొన్ని పుస్తకాల మీద జరగలేదు, నిజం చెబుతున్నా.

నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. ఇప్పుడు ఏ అనుమతీ అక్కర్లేదు. అయినా పదకొండు మంది పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి ఊళ్లో మాకు దొరికిన చోటు టైలరు దుకాణం. దాని మీద మీరే ఆలోచించండి. నేను ముందుకు పోతా, లేకపోతే అధ్యక్షుల వారు చీటీ పంపిస్తారు.

పుస్తకాన్ని ఎట్లా ఎంచుకుంటామని చాలామంది అడుగుతారు. మొదట్లో మాలో ఒక తెలుగు పండితులు ఉండేవారు, ఆయన చెప్పిందే పుస్తకం. మూడు నెలల్లో పదకొండు మందిమి నలుగురమయ్యాం. తర్వాత చీటీలు వేశాం. చీటీలో గొప్ప గొప్ప పేర్లు వస్తాయి, పుస్తకమే దొరకదు. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. పేరు చెప్పేవాళ్లు మూడు ప్రతులు చూపించాలి. మూడు ప్రతులుంటే పదకొండు మందికీ నెలలో తిరుగుతుంది, టికెట్ల లెక్క నాకు తెలుసు కదా. ఈ నియమంతో ఒక్కటే చిక్కు. బజారులో దొరికేవే చదవాల్సి వస్తుంది. మన పాలమూరు వాళ్లు రాసినవి, మన నల్లగొండ వాళ్లు రాసినవి మూడు ప్రతులు చూపించమంటే ఎక్కణ్ణుంచి తేవాలి?

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ దొరికింది. 1949లో వచ్చిన పుస్తకం, 1955లో సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. దానికి మాకు మూడు నెలలు పట్టింది. కారణం పుస్తకం లావు కాదు. తిండి గురించి రాసిన చోటల్లా మా ఎరువుల దుకాణం అన్న ఆపేసి, ‘జొన్నరొట్టె ముచ్చట తర్వాత ఏమైంది?’ అనేవాడు. కోడిపందేల దగ్గర ఒక పూటంతా పోయింది. రాజుల యుద్ధాలు తగ్గించి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడుకున్నారు అని రాసినాయన మన జిల్లావాడని చెబితే, అంగన్‌వాడీ టీచరమ్మ ‘మరి మాకు బళ్లో ఎందుకు చెప్పలే?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. సార్లూ, మేడాలూ, మీలో ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి.

యశోదారెడ్డి గారు మన యాసలో రాసిన కథలు ‘మా ఊరి ముచ్చట్లు’కు నియమం పక్కన పెట్టాం. ఆమెది బిజినేపల్లి, పక్క ఊరంత దగ్గర. ఒకాయన దగ్గర ఒక్క ప్రతి ఉంటే, ఇంట్లోనే చదివి సాయంత్రానికి తెచ్చిస్తామని ఒట్టేసి తెచ్చాం. ఒక్క ప్రతి కాబట్టి పైకి చదువుకోవాల్సి వచ్చింది. ఇంటర్ చదివే పాప చదవడం మొదలుపెట్టింది, పాఠం అప్పజెప్పినట్టు. టైలరన్న వాళ్లమ్మ తలుపు దగ్గర కూర్చొని గుండీలు కుడుతోంది. ఆమెకు అక్షరం రాదు. రెండు వాక్యాలు విని, ‘గట్ల కాదు బిడ్డా’ అని ఆ మాటను తను అని చూపించింది. పాప మళ్లీ అంది. అవ్వ మళ్లీ దిద్దింది. ఆ పూట గడిచేసరికి మేం నాలుగు పేజీలే దాటాం, గుండీల పని మాత్రం అక్కడే ఆగింది.

సరే, అసలు ముచ్చటకొస్తా.

ఒకసారి వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ చదవాలనుకున్నాం. నకిరేకల్ దగ్గరి పల్లెటూరి మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేసి, ఆ మూట తనే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. అట్లాంటి మనిషి రాసిన పుస్తకం కోసం నేను తిరిగిన తిరుగుడు చెబుతా వినండి. ఒక గ్రంథాలయానికి పోయాను. ఏదని అడక్కండి. రిజిస్టర్లో పేరుంది. బీరువాలో పుస్తకముంది. అద్దంలోంచి అట్ట కనబడుతూనే ఉంది. తాళంచెవి సెలవులో ఉన్నాయన దగ్గరుంది. మూడుసార్లు పోయాను. మూడోసారి ఆ అద్దం మీద నా వేలిముద్రలు నాకే కనబడ్డాయి.

అయ్యా, మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను కూడా ఉంటుంది, రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి చట్టం. అంటే ఆ బీరువాలో మనందరి పైసలూ ఉన్నాయి. నేను ఇంకేం అనను.

చివరికి ఒక మిత్రుడి ఇంట్లో పాత ప్రతి ఒకటి దొరికింది. కుట్టు ఊడిపోయింది, ‘ఏమన్నా చేసుకోండి’ అన్నాడు. అప్పుడు టైలరన్నకు ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ఏడు ముక్కలు చేద్దామని. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క, నాలుగు రోజులకోసారి పక్కవాళ్లకు మార్చుకోవాలి. రోజూ వందల మీటర్ల బట్ట కోసే మనిషి. పుస్తకం కటింగ్ బల్ల మీద పెట్టి కత్తెర పట్టుకున్నాక చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత కత్తెర పక్కన పెట్టి, బ్లేడుతో ఒక్కో దారం తెంపాడు. ప్రతి ముక్కకూ లైనింగు గుడ్డ అట్టగా వేసి కుట్టాడు. మొదటిది నీలం, రెండోది పసుపు... ఐదోది మెరూన్. రంగు నాకెందుకు గుర్తుందో చెబుతా.

అప్పుడే ఒక కుర్రాడు చేరాడు. గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మన గ్రంథాలయాల్లో ఇప్పుడు కూర్చునేదంతా వీళ్లే. పొద్దున్నే టిఫిన్ డబ్బా, నీళ్ల బాటిలు, గైడ్లూ తెచ్చుకొని రాత్రి దాకా తల ఎత్తరు. వాళ్లనేమీ అనకండి, నా ముందర అసలు అనకండి. ఆ కుర్రాడికి అన్నీ తెలుసు. గోలకొండ పత్రిక? 1926. గోలకొండ కవుల సంచిక? 1934. కవులెందరు? 354. ‘ప్రజల మనిషి’? 1955. కథానాయకుడు? కంఠీరవం. టకటకా చెప్పేశాడు. కంఠీరవం ఎట్లాంటివాడు అని అడిగా. ‘ఆప్షన్లు చెప్పండి సార్’ అన్నాడు.

నవ్వకండి. ఆ పిల్లవాడు ఒక్క నవల కూడా ముట్టుకోలేదు, టైం ఏదీ? మొదటి నాలుగు ముక్కలు మాత్రం వదలకుండా చదివాడు. ఐదోది నా తర్వాత అతనికే పోవాలి.

అప్పటికి నా సర్వీసు ఇంకా ఏడాది ఉంది. నారాయణపేట డ్యూటీ. బస్టాండులో పావుగంట దొరికితే నాలుగు పేజీలు చదివేవాణ్ణి. మరికల్ దగ్గర ఒక్కసారిగా జనం ఎక్కారు. ముక్కను టిఫిన్ డబ్బా మీద పెట్టి, డబ్బాను ఇంజను బానెట్ మీద పెట్టి టికెట్లు కొట్టడానికి వెనక్కి పోయాను. పాలమూరులో దిగేసరికి డబ్బా ఉంది, ముక్క లేదు. సీట్ల కింద వెతికాను. గ్యారేజీలో ఊడ్చేవాళ్లను అడిగాను. మర్నాడు అదే బస్సులో, అదే డ్యూటీలో, మరికల్‌లో దిగి పల్లీల బండి దగ్గర పొట్లాలు కూడా చూశాను. సర్వీసు మొత్తంలో డబ్బుల లెక్క తేడా వస్తే చేతి నుంచి కట్టాను గానీ, ఇంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు. ఎవరన్నా చదువుకోవడానికి పట్టుకుపోయి ఉంటే సంతోషం. మెరూన్ గుడ్డ చూసి పట్టుకుపోయారేమో, ఏం చెబుతాం.

రెండో ఆదివారం వచ్చింది. కుర్రాడు లోపలికి వస్తూనే, ‘సార్, నా ముక్క?’ అన్నాడు. అందరి ముందూ ఒప్పుకున్నాను. ఎవరూ తిట్టలేదు, అదింకా కష్టంగా ఉండింది. నాలుగోది, ఆరోది ఉన్నాయి, మధ్యలో గుంత. టీచరమ్మ అంది, ‘ఆ గుంతల ఏమై ఉంటదో తలా ఒక మాట చెప్దాం’ అని. మాలో ఒకాయన వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో మట్టిపని చేసి వచ్చినవాడు. ‘అప్పుల పాలైనోడు ఎటు పోతడన్నా? బొంబాయి బస్సెక్కి ఉంటడు’ అన్నాడు. ఆ కాలంలో బస్సు ఎక్కడిదని ఎరువుల అన్న. బస్సు లేకపోతే నడిచి పోయి ఉంటడని ఆయన. అవ్వ అయితే, ‘వాని పెండ్లాం సంగతి ఎవరన్నా అడిగిన్రా?’ అంది. అట్లా మధ్యాహ్నం రెండయింది. అన్నం మాటే ఎవరూ ఎత్తలేదు. కుర్రాడు చివరిదాకా మాట్లాడలేదు. తర్వాత లేచి, ‘కాదు, ఆయన ఊళ్లోనే ఉండి కొట్లాడి ఉంటడు’ అని పావుగంట చెప్పాడు. ఆప్షన్లు అడగలేదు.

ఆ తర్వాత హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో కొత్త ప్రతి దొరికింది. కొన్నాను, మిగతా వాళ్లంతా చదివేశారు. ఆ కుర్రాడు అప్పటికే కోచింగ్‌కని అశోక్‌నగర్‌ పోయాడు. ఇప్పుడు చిక్కడపల్లి గ్రంథాలయంలో ఒక కుర్చీ అతనిది. ఫోన్ చేసి, ఆ పేజీలు ఫొటోలు తీసి పంపనా అన్నాను. ‘వద్దు సార్, పరీక్ష అయినంక వచ్చి చదువుత, ఐదో ముక్క నాకు ఉంచండి’ అన్నాడు. ఆ పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది.

అధ్యక్షుల వారు గంట కొట్టారు. బస్సులో ఒక్క గంట అంటే ఆపమని, నాకు తెలుసు. ఒక్క నిమిషం. మీ ఇళ్లల్లో తాతలనాటి పుస్తకాలు బీరువాల్లో ఉన్నాయి, ఇవ్వండి. కట్టలు కట్టి అమ్మేముందు మా టైలరన్న దుకాణానికి ఒకసారి తెండి. మా పుస్తకాలు కూడా ఎవరైనా తీసుకుపోవచ్చు, గుమ్మం దగ్గర నోట్‌బుక్ పెట్టాం, పేరూ తారీఖూ రాస్తే చాలు.

ఏంటమ్మా? వెనక నుంచి అడుగుతున్నారు... ‘ప్రజల మనిషి’ కూడా ఇస్తారా అని. అది మాత్రం ఇవ్వనమ్మా. వేరే ఏదన్నా తీసుకో.