కోమ్యాప్స్ రివ్యూ: పంటు దాకా తీసుకెళ్తుంది సరే, దీన్ని నమ్మొచ్చా?

నమస్కారమండీ. ఈ వారం కోమ్యాప్స్ అనే మ్యాప్ యాప్ చూద్దాం. ఉచితం, యాడ్స్ లేవు, ఓపెన్ సోర్స్. అంటే దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు, తీసుకుని వాడుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ మ్యాప్ ఒకసారి ఫోన్లోకి దించుకుంటే ఇక నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఉంది. ఇంతవరకే అయితే రెండు నిమిషాల్లో వీడియో అయిపోయేది. కానీ ఈ యాప్ పుట్టిందే ఒక తగాదాలోంచి. ఆ సంగతి చెప్పకుండా రేటింగ్ ఇవ్వడం నాకు నచ్చదు.

ముందు పనితీరు. స్క్రీన్ మీద కనిపిస్తున్నది నరసాపురం. ఇక్కణ్ణుంచి కార్లో అంతర్వేది వెళ్లాలనుకోండి. రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే ఫెర్రీ ఎక్కి సఖినేటిపల్లిలో దిగొచ్చు, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లొచ్చు. పంటు దారిని మ్యాప్‌లో ఎవరైనా గీసి పెట్టి ఉంటే యాప్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. వద్దనుకుంటే డ్రైవింగ్ ఆప్షన్లలో ఫెర్రీలు వద్దు, టోల్ రోడ్లు వద్దు, మట్టి రోడ్లు వద్దు అని పెట్టుకోవచ్చు. మట్టి రోడ్ల ఆప్షన్ మన పుంతల దగ్గర, అంటే పొలాల మధ్య బండి దారుల దగ్గర, బాగా పనికొస్తుంది. అది కూడా ఆ పుంత మట్టిదని మ్యాప్‌లో ఎవరైనా రాసి ఉంటేనే సుమా.

ఒక్క జాగ్రత్త. ఈ రోజు పంటు నడుస్తోందో లేదో యాప్‌కి తెలియదు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చి రేవుల్లో పంట్లు ఆపేసినా, ఇది నిర్మొహమాటంగా రేవు వైపే తిప్పుతుంది. కనకాయలంక కాజ్‌వే మునిగినా అంతే. కాబట్టి వరద రోజుల్లో ఫెర్రీలు వద్దు అని పెట్టేసుకుని, ఊళ్లో ఒకరిని అడిగి బయల్దేరండి.

లైవ్ ట్రాఫిక్ కూడా లేదు. రావులపాలెం దగ్గర లారీలు ఆగిపోతే ఇది చెప్పదు. ఎందుకంటే పెద్ద కంపెనీల మ్యాపుల్లో కనిపించే ఆ ఎర్ర గీతలు ముఖ్యంగా మన ఫోన్లు ఎక్కడున్నాయో, ఎంత వేగంతో కదులుతున్నాయో పంపే సమాచారంతోనే వస్తాయి. ఇది మన కదలికలు ఎవరికీ పంపదు, అందుకే ఆ గీతలు లేవు. రోజూ కాకినాడ, రాజమండ్రి తిరిగే డ్రైవర్‌కి ఇది పెద్ద లోటే. నేను మాత్రం సర్దుకుపోగలను.

సరే, తగాదాలోకి వద్దాం. మ్యాప్స్ డాట్ మీ గుర్తుందా? నెట్ ప్యాక్‌లు ఖరీదుగా ఉన్న రోజుల్లో చాలామంది ఫోన్లలో ఉండేది. 2014లో దాన్ని రష్యా కంపెనీ మెయిల్ డాట్ ఆర్‌యూ కొంది. తర్వాత కోడ్ ఓపెన్ సోర్స్ చేశారు. 2020లో మళ్లీ చేతులు మారింది. కొత్త యజమాని యాప్ రూపమే మార్చేశాడు, పాత యూజర్లు లబోదిబోమన్నారు. అప్పుడు మొదట్లో దాన్ని తయారుచేసినవాళ్లే ఓపెన్‌గా ఉన్న ఆ కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు. దీన్నే ఫోర్క్ అంటారు, లైసెన్సే దానికి ఒప్పుకుంటుంది. అలా 2021లో ఆర్గానిక్ మ్యాప్స్ వచ్చింది. యాడ్స్ లేవు, ట్రాకింగ్ లేదు, జనం ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. అందరం మెచ్చుకున్నాం.

2025 ఏప్రిల్ వచ్చేసరికి అందులో పనిచేస్తున్న వాలంటీర్లే యజమానులకు బహిరంగ లేఖ రాశారు. యాప్ వెనక ఎస్టోనియాలో రిజిస్టరైన కంపెనీ ఉంది, దానికి వాటాదారులున్నారు. రేపు వాళ్లు అమ్మేస్తే మా గతేంటి? విరాళాల డబ్బు ఎటు పోతోందో లెక్క ఎందుకు కనిపించదు? నిర్ణయాలు కొద్దిమందే ఎందుకు తీసుకుంటున్నారు? అడిగినవి ఇలాంటివే. సర్దుబాటు కుదరలేదు. మళ్లీ ఫోర్క్. అదే ఈ కోమ్యాప్స్. 2025 జూలైలో ప్లే స్టోర్‌లోకీ యాప్ స్టోర్‌లోకీ వచ్చింది.

ఆర్గానిక్ మ్యాప్స్ మన డేటా అమ్ముకుందని నేను అనట్లేదండీ. ఆ యాప్ ఇప్పటికీ ఉచితమే, కోడ్ ఇప్పటికీ ఎవరైనా చూడొచ్చు. నా బాధ వేరే. భీమవరంలో ఒక భోజన హోటల్ వంటగది తలుపులు బార్లా తెరిచి పెట్టిందనుకోండి. ఏ నూనె వాడుతున్నారో చూడొచ్చు. మరి హోటల్ ఎవరిది, రాత్రికి రాత్రి ఎవరికైనా రాసిచ్చేస్తారా అంటే మాత్రం జవాబు లేదు. కోడ్ ఓపెన్ అంటే వంటగది చూపించడం వరకే. డబ్బు, యాజమాన్యం, నిర్ణయాలు తెరిచి పెట్టడం లైసెన్సులో రాసి ఉండదు. నడిపేవాళ్లు మనసుపెట్టి చెయ్యాల్సిన పని అది.

కోమ్యాప్స్‌లో నాకు నచ్చింది అదే. విరాళాలు ఓపెన్ కలెక్టివ్ అనే సైట్ ద్వారా తీసుకుంటారు, అక్కడ వచ్చిందీ ఖర్చయిందీ ఎవరైనా చూడొచ్చు. చర్చలు, పెండింగ్ పనులు కోడ్‌బర్గ్ అనే సైట్‌లో బహిరంగంగా ఉంటాయి. కొత్త కాపురం కాబట్టి ఈ పద్ధతి ఐదేళ్ల తర్వాత ఎంత నిలబడుతుందో చూడాలి. ఆర్గానిక్ మ్యాప్స్ మొదటి ఏడాది కూడా ఇలాగే మురిసిపోయాం కదా.

ఇప్పుడు మన వైపు చూద్దాం. "మా వీధి లేదు, చెత్త యాప్" అని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లు ఉంటారు. బాబూ, ఆ వీధిని డెవలపర్ గీయలేదు. మ్యాప్ మొత్తం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. 2004లో మొదలైన ప్రాజెక్టు, జనం గీసిందే అందులో ఉంటుంది. అయినవిల్లి మండలంలో మీ లంక దారి మీకు తెలుసు, ఎక్కడో యూరప్‌లో కూర్చున్న డెవలపర్‌కి తెలియదు. యాప్‌లోంచే షాపు, గుడి, ఆసుపత్రి చేర్చొచ్చు. రోడ్డు తప్పుంటే నోట్ పెట్టొచ్చు, వాలంటీర్లు చూసి సరిచేస్తారు.

ఇలా ఉచితంగా పనిచేసేవాళ్లని సతాయిస్తే అది ఎంత దూరం పోతుందో 2024 మార్చిలో తెలిసింది. లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్ల సైజు తగ్గించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌ని అలిసిపోయిన ఒకే మనిషి చూసుకునేవాడు. కొత్త వెర్షన్ ఎప్పుడంటూ కొన్ని అకౌంట్లు ఆయన్ని పదేపదే వేధించాయి. సాయం చేస్తానని జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివర్లో బయటివాళ్లు కంప్యూటర్లలోకి చొరబడేలా కోడ్‌లో దొంగదారి పెట్టారు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వితే బయటపడింది. కోడ్ ఓపెన్ కాకపోయి ఉంటే ఆయన అంత తేలిగ్గా తవ్వగలిగేవాడా?

రేటింగ్: ఊళ్లు తిరిగేవాళ్లకి, సైకిల్ తొక్కేవాళ్లకి, సిగ్నల్ అందని లంకల్లో పనున్నవాళ్లకి ఐదుకి నాలుగు. ట్యాక్సీ నడిపేవాళ్లకి రెండున్నర, రెండో మ్యాప్ పక్కన ఉంచుకోండి. ఆర్గానిక్ మ్యాప్స్ నుంచి మారేవాళ్లు పాత యాప్ తీసేయకముందే సేవ్ చేసుకున్న స్థలాలన్నీ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఇందులోకి తెచ్చుకోవచ్చు. మ్యాప్ డౌన్‌లోడ్ వైఫైలో పెట్టండి. ఉంటానండీ.