బ్లేడును కాల్చేది ఏ వేడి?

వ్యాఖ్యాత: గ్యాస్ టర్బైన్‌లోకి వచ్చే మండిన వాయువు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటుతోంది. నికెల్ మిశ్రలోహమేమో సుమారు 1,350 డిగ్రీలకే కరుగుతుంది. బ్లేడు ఎలా నిలుస్తోంది?

లోహ శాస్త్రవేత్త: వాయువు వేడి వేరు, లోహం వేడి వేరు. బ్లేడు బోలుగా ఉంటుంది. కంప్రెసర్ నుంచి మళ్లించిన గాలి లోపలి మెలికల దారుల్లో తిరిగి, సన్నటి రంధ్రాల నుంచి బయటికి వచ్చి ఉపరితలాన్ని అంటుకుని పారుతుంది. పైన వేడిని అడ్డుకునే జిర్కోనియా అనే సిరామిక్ పూత ఉంటుంది.

వ్యాఖ్యాత: అంటే చల్లగాలి.

నిర్వహణ ఇంజినీరు: చల్లగాలి అంటున్నాం కానీ, అదే దాదాపు 400 డిగ్రీలు ఉంటుందండి!

లోహ శాస్త్రవేత్త: అసలు లెక్క లోహం దగ్గరే. అది ఉండాల్సిన దానికన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే చాలు, ఆయుష్షు సుమారు సగానికి పడిపోవచ్చు. ఎర్రగా కాలుతూ అపకేంద్ర బలానికి లాగబడే లోహం మెల్లగా సాగుతుంది. దాన్నే క్రీప్ అంటాం.

ఇంజినీరు: బోరోస్కోప్, అంటే యంత్రం లోపలికి దూర్చే సన్నటి కెమెరా గొట్టం, పెట్టి చూస్తే తెలుస్తుంది. బ్లేడు ముందంచున ఒక రంధ్రం దుమ్ముతో పూడిపోయి ఉంటుంది. దాని కిందుగా పూత రేకులుగా లేచి, లోహం నల్లబడి కనిపిస్తుంది. ఇంధన నాజిల్ ఒకటి సరిగా చిమ్మకపోయినా అంతే నష్టం.

లోహ శాస్త్రవేత్త: అక్కడ మీతో పూర్తిగా ఏకీభవించను. నాజిల్ సరిగా చిమ్మకపోతే వాయువులో ఒక చోట వేడి చార ఏర్పడుతుంది. అది మొదట కాల్చేది కదలని వేన్లను, అంటే వాయువును బ్లేడ్ల మీదికి మళ్లించే రెక్కలను. తిరిగే బ్లేడు ప్రతి చుట్టులోనూ దాన్ని దాటిపోతుంది కాబట్టి దానికి తగిలేది సగటు వేడి. మొదలు నుంచి కొన దాకా వేడి ఎలా పరుచుకుందన్నదే బ్లేడుకు ముఖ్యం.

ఇంజినీరు: ఒప్పుకుంటాను. వేన్లు మార్చే ఖర్చు మాత్రం తప్పదు కదా!

వ్యాఖ్యాత: రోజూ ఆపి, మళ్లీ నడిపే యంత్రాల సంగతి?

ఇంజినీరు: వాటికి నడిచిన గంటలు మాత్రమే లెక్కపెట్టడం పొరపాటు. పూర్తి లోడు మీద ఉండగా ట్రిప్ అయితే, అంటే యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతే, బ్లేడు ఉపరితలం చటుక్కున చల్లారుతుంది, లోపలి లోహం ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ పెనుగులాటలో పగుళ్లు పుడతాయి. అందుకే అలాంటి ఒక ట్రిప్‌ను మామూలుగా ఆపడం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నష్టంగా లెక్కిస్తాం.

వ్యాఖ్యాత: ఇంధనంలో మలినాలుంటే?

లోహ శాస్త్రవేత్త: సోడియం, వెనేడియం, గంధకం పూతనూ లోహాన్నీ తినేస్తాయి. ఆ తుప్పు కొన్నిసార్లు 700 డిగ్రీల దగ్గరే, అంటే బ్లేడు మొదలు దగ్గర, మనం చల్లగా ఉందనుకునే చోటే పట్టుకుంటుంది.